రెండోది పెట్టండి అయ్యగారూ

ఒంగోలు కోర్టు పక్క వీధిలో నోటరీ దగ్గర కూర్చున్నాను. గుమాస్తా కుర్రాడు నా కాగితాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచి అడిగాడు. "టీచరుగారూ, ఈ మూడింట్లో అసలు పేరు ఏదండీ?"

పాసుపుస్తకంలో బెన్నయ్య. ఆధార్ కార్డులో బెంజిమెన్. సంఘం రిజిస్టరులో బెన్యామీను. ముగ్గురూ మా నాన్నే. కిందటి వేసవిలో కన్నుమూశారు. ఆయన పేరున ఉన్న ఎకరన్నర చేను అమ్మ పేరుకు ఎక్కాలంటే, ఈ ముగ్గురూ ఒకే మనిషని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి ఇవ్వాలట. మా ఇళ్ళల్లో ఇది కొత్త కాదు. చర్చిలో ఒక పేరు, బళ్ళో ఒక పేరు, పొలం కాగితాల్లో ఇంకో పేరు. కారణాలు మా వాళ్ళందరికీ తెలిసినవే.

"బెన్యామీను అని రాయి బాబూ. మిగతా రెండూ దాని కింద రాయి" అన్నాను.

అతను టైపు కొడుతూనే "దానర్థం ఏందండీ?" అన్నాడు. ఊరికే, మాటల్లో మాటగా అడిగాడు. "కుడిచేతి కొడుకు అని" చెప్పాను. సండే స్కూలు పిల్లలెవరైనా చెప్పే జవాబే అది. బస్సెక్కి ఇంటికి వస్తుంటే మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ పేరుకు అది సగం అర్థమే. మిగతా సగం మా నాన్న డెబ్బై ఐదేళ్ళు మోశారు. అది చెప్పకుండా వచ్చేశానే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్న పుట్టింది 1949 నవంబరులో. మా ఊరు కొండపి వైపు. మాకు పెద్దవానలన్నీ ఆ నెలలోనే కదా, ఆ రోజు కూడా ముసురు పట్టి ఉందట. నాయనమ్మకు ముందురోజు పొద్దున మొదలైన నొప్పులు రాత్రి గడిచినా తేలలేదు. మంత్రసాని ఇక నావల్ల కాదు, ఒంగోలు తీసుకుపొమ్మంది. తాతయ్య బండి కట్టాడు. బండిలో వరిగడ్డి పరిచి, దానిమీద బొంత వేసి నాయనమ్మను పడుకోబెట్టారు. మంత్రసాని ఎక్కింది. తొమ్మిదేళ్ళ మా అత్త కూడా ఎక్కింది. ఇంట్లో చూసేవాళ్ళు లేక ఎక్కించుకున్నారు. టంగుటూరు ఇంకా రెండు మైళ్ళుందనగా బండిలోనే బిడ్డ పుట్టాడు. ట్రంకు రోడ్డు ఎక్కకముందే నాయనమ్మ పోయింది.

ఇదంతా అత్త చెప్పిందే. ఆమెకిప్పుడు ఎనభై ఐదు. ఏ ఊరు ఎప్పుడు వెళ్ళామో మరిచిపోతోంది గానీ ఆ బండి మాత్రం మరవలేదు. "నీళ్ళడిగిందే అమ్మాయ్. చెంబులో ఉన్నయ్యి మంత్రసాని చేతులు కడుక్కోను వాడేసింది. మా నాయన దిగి చేలోకి పరిగెత్తాడు నీళ్ళకోసం. ఆయన వచ్చేతలికి లేదు" అంటుంది. ప్రతిసారీ ఇవే మాటలు, ఇదే వరసలో. వాన పడుతూనే ఉంది, నీళ్ళు మాత్రం లేవు.

మూడోరోజు మాలపల్లె దిబ్బలో సమాధి దగ్గర ప్రార్థన చేయడానికి పాస్టరుగారు వచ్చారు. మా వైపు అందరూ అయ్యగారు అంటారు. ఆయన బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం 35వ అధ్యాయం తెరిచి, యాకోబు భార్య రాహేలు మరణం చదివారట. చదవడం అయ్యాక తాతయ్య చేతుల్లో ఉన్న బిడ్డను చూసి, "వీడికి పేరు పెట్టాలి గదా" అన్నారు. తాతయ్యకు చదువు రాదు. విన్నదాంట్లో రెండు పేర్లున్నాయని ఆయనకు తెలిసింది, అంతే. ఒకటి తల్లి పెట్టింది, రెండోది తండ్రి పెట్టింది.

"రెండోది పెట్టండి అయ్యగారూ" అన్నాడట.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా తమ్ముడు రామాయపట్నం బైబిలు కాలేజీలో చదివాడు. వాడి పాత పుస్తకాలు ముందేసుకుని, హీబ్రూ అక్షరాలు వాడి దగ్గరే దిద్దుకుని, మొదటి పేరేమిటో రెండోదేమిటో కూడబలుక్కుని చదువుకున్నాను. నాన్న పోయాక ఈ ఏడాదంతా నా సాయంత్రాలు దీనికే పోయాయి. తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ముందు రాహేలు సంగతి. యాకోబు కుటుంబం బేతేలు విడిచి బయలుదేరింది. ఎఫ్రాతాకు ఇంకా కొంత దూరం ఉంది. దారిలోనే ఆమెకు నొప్పులొచ్చి కాన్పు కష్టమైంది. మంత్రసాని ఆమెకు ఒక మాట చెబుతుంది: భయపడొద్దు, ఈసారీ నీకు కొడుకే. చిన్నప్పుడు ఈ మాట చదివి, చనిపోతున్న మనిషికి కొడుకైతేనేం కూతురైతేనేం అనుకునేదాన్ని. దాని వెనక యోసేపు పేరుందని ఇప్పుడు తెలిసింది. రాహేలుకు ఎన్నో ఏళ్ళు పిల్లల్లేరు. పిల్లల్ని ఇవ్వకపోతే చచ్చిపోతానని మొగుడితో అన్న మనిషి ఆమె. చివరికి ఒకడు పుడితే వాడికి యోసేపు అని పేరు పెట్టింది. ఆ పేరుకు అర్థం "ఇంకొకణ్ణి కలుపును గాక" అని. చేతిలో బిడ్డ ఉండగానే, ఆ బిడ్డ పేరులోనే ఇంకో బిడ్డను అడిగింది. ఆ ఇంకో బిడ్డ ఇతనే. మంత్రసాని ఆమెకు గుర్తుచేస్తున్నది అదే, నువ్వడిగినవాడు వచ్చాడమ్మా అని.

ఆ ఇంట్లో పేర్లు పెట్టేది ఎక్కువగా తల్లులే. రాహేలు అక్క లేయా మొదటి కొడుకును రూబేను అంది, "చూడండి, కొడుకు" అని. రెండోవాణ్ణి షిమ్యోను అంది, నా బాధ దేవుడు విన్నాడని. ఆ పేర్లన్నీ వరసగా చదువుతుంటే, ఒకే మొగుడికి ఇద్దరు భార్యలైన అక్కచెల్లెళ్ళ కాపురం కళ్ళముందు కనబడుతుంది. ప్రతి పేరూ ఒక తల్లి నోట్లోంచి వచ్చిన మాటే. తల్లి ఒక పేరు పెట్టాక తండ్రి కలగజేసుకుని మార్చింది మాత్రం ఈ చివరి కొడుకు విషయంలోనే.

ప్రాణం పోతుండగా రాహేలు పెట్టిన పేరు బెనోని. బెన్ అంటే కొడుకు. ఓనీ అంటే నా దుఃఖం. "నా దుఃఖపు కొడుకు." ఇందులో చివరి "ఈ" అనే దీర్ఘమే "నా" అనే మాట. మనం "నా" అని ముందు చెబుతాం, హీబ్రూలో అది మాట చివర తోకలా అంటుకుంటుంది. తెలుగు బైబిలు ఆ దీర్ఘాన్ని కుదించి బెనోని అని రాసింది. మనం చదివేటప్పుడు ఆ "నా" వినపడదు. అది తెలిసిన రోజు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ తల్లి ఆఖరి ఊపిరి ఆ ఒక్క అచ్చు మీద పోయింది.

అయితే ఓన్ అనే మాటకు దుఃఖం ఒక్కటే అర్థం కాదు. బలం అని కూడా ఉంది. ఎక్కడో కాదు, అదే ఆదికాండంలో ఉంది. 49వ అధ్యాయంలో యాకోబు ఐగుప్తులో చావుమంచం మీద పడుకుని కొడుకుల్ని పిలిచి దీవిస్తాడు. పెద్దవాడైన రూబేనును నా బలానికి తొలిఫలం అంటాడు. అక్కడ "నా బలం" అన్నచోట హీబ్రూలో ఉన్న మాట ఓనీయే. అక్షరం తేడా లేదు, తమ్ముడి పుస్తకంలో రెండుచోట్లా వేలు పెట్టి చూసుకున్నాను. రాహేలు పోతూ "ఓనీ" అంది. ఎన్నో ఏళ్ళకు యాకోబు పోతూ "ఓనీ" అన్నాడు. ఆమె అన్నప్పుడు దుఃఖం, ఆయన అన్నప్పుడు బలం.

13వ శతాబ్దంలో స్పెయిన్‌లో రంబాన్ అనే యూదు పండితుడు ఉండేవాడు. ఆయన రాసిన వ్యాఖ్యానంలో ఈ వచనం దగ్గర ఒక మాట ఉంది. యాకోబు రాహేలు పెట్టిన పేరును కొట్టిపారేయలేదంటాడు. పిల్లలందరికీ తల్లులు పెట్టిన పేర్లే ఉన్నాయి, ఈ బిడ్డకూ తల్లి పెట్టిన పేరే ఉంచాలనుకున్నాడు. కాకపోతే ఓనీ అనే మాటలోని రెండో అర్థం తీసుకున్నాడు. బలం అనుకుని, బలం ఉండేది కుడిచేతిలో గనుక, దాన్ని బెన్యామీనుగా తిప్పి చెప్పాడు. అంటే ఆమె మాటనే మంచివైపుకు తిప్పి పిలిచాడు.

నాకు ఈ వ్యాఖ్యానమే మనసుకు పట్టింది. మిగతావీ చూశాను. రంబాన్ కంటే ముందు, 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో రాషీ రెండు రకాలుగా చెప్పాడు. యాకోబు కొడుకుల్లో కనాను దేశంలో పుట్టినవాడు ఇతనొక్కడే, వాళ్ళు వచ్చిన అరాము నుంచి చూస్తే కనాను దక్షిణాన ఉంది, యామీన్ అంటే దక్షిణం అని కూడా కాబట్టి దక్షిణపు కొడుకు అని ఒకటి. ముసలితనంలో, దినాలు మీదపడ్డాక పుట్టినవాడు కాబట్టి దినాల కొడుకు అని రెండోది, హీబ్రూలో దినాలను యామీమ్ అంటారు. ఇవి పండితులు తూచుకోవలసినవి. భార్య శవం పక్కన నిలబడ్డ మనిషి దిక్కుల లెక్క వేసుకుని పేరు పెట్టాడంటే నాకు నమ్మబుద్ధి కాదు.

అదే అధ్యాయంలో కొంచెం ముందు ఇంకో చావుంది. యాకోబు తల్లి రిబ్కాకు దాది అయిన దెబోరా చనిపోతే ఒక సింధూర వృక్షం కింద పాతిపెట్టారు. ఆ చెట్టుకు ఏడ్పుల చెట్టు అని పేరు పడింది, హీబ్రూలో అల్లోన్ బాకూత్. చెట్టుకు ఏడుపు పేరు ఉండిపోయింది. పది వచనాలు దాటితే కొడుక్కి ఏడుపు పేరు రాబోయింది, యాకోబు ఒప్పుకోలేదు. చెట్టు ఏడుపును మోయగలదు. బిడ్డను "ఏడుపూ" అని పిలిస్తే వాడు పలకాలి కదా.

ఇక యామీన్. అంటే కుడి. ఇది మాత్రం తెలుగు టీచరుగా నాకు పండగలాంటి మాట. యామీన్ అంటే కుడి, యామీన్ అంటేనే దక్షిణం. ఎందుకంటే వాళ్ళు తూర్పుకు తిరిగి నిలబడి దిక్కులు చెప్పేవాళ్ళు. తూర్పుకు మొహం పెడితే కుడిచేయి దక్షిణం వైపే ఉంటుంది. మనకు సంస్కృతం నుంచి వచ్చిన దక్షిణం కూడా అంతే. దక్షిణ హస్తం అంటే కుడిచేయి, దక్షిణ దిక్కు అంటే మద్రాసు వైపు. ఇంకో విచిత్రం కూడా చూడండి. తూర్పుకు వాళ్ళ మాట కెదెం. ఆ మాటకే "పూర్వకాలం" అని కూడా అర్థం ఉంది. మన "పూర్వం" అచ్చం ఇదే పని చేస్తుంది. పూర్వ దిక్కు అంటే తూర్పు, పూర్వం అంటే వెనకటి రోజులు. రెండు భాషలకూ చుట్టరికం లేదు. పొద్దుపొడిచే వైపు తిరిగి నిలబడిన మనుషులు ఎక్కడైనా ఒకేలా ఆలోచించారు.

1933లో సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున మారి అనే పాత నగరం తవ్వకాల్లో బయటపడింది. అక్కడి మట్టిపలకలు క్రీస్తుకు పూర్వం 18వ శతాబ్దం నాటివి. వాటిలో పశువులు మేపుకునే రెండు తెగల పేర్లున్నాయి. ఒకరిది కుడివైపు కొడుకులు, అంటే దక్షిణం వాళ్ళు. ఇంకొకరిది ఎడమవైపు కొడుకులు, ఉత్తరం వాళ్ళు. ఆ కుడివాళ్ళ పేరు పలికితే మన బెన్యామీనుకు దగ్గరగానే వినబడుతుంది. ఈ బెన్యామీనుకు వాళ్ళు చుట్టాలని నేననను, పేరు మాత్రం అంత పాతది.

తమ్ముడు ఇది చెప్పినప్పుడు నాకు తాతయ్య ఎడ్లు గుర్తొచ్చాయి. ఒంగోలు గిత్తల జత ఉండేదట ఆయనకు. కాడికి కుడివైపు కట్టేదాన్ని ఎలపటెద్దు, ఎడమవైపుదాన్ని దాపటెద్దు అంటారు మా వైపు. నా క్లాసులో వలపల, దాపల అని పద్యాల్లో వస్తే పిల్లలు తెల్లమొహం వేస్తారు. బండి చూడని పిల్లలు, వాళ్ళ తప్పేం లేదు. ఎలపటకు అలవాటైన ఎద్దు దాపటకు నడవదు. రెండింట్లో ఒకటి పోతే మిగిలినదానికి జత కుదర్చడం మహా కష్టమని నాన్న చెప్పేవారు. నాయనమ్మ పోయాక తాతయ్య మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

పేరు బరువు తాతయ్యకు తెలియక కాదు. మా జిల్లాల్లో మనిషి పేరు చూసి ఏ కొండకు మొక్కుకుంటే పుట్టాడో చెప్పొచ్చు. పెంచలయ్య అంటే పెంచలకోన నరసింహస్వామి. మాలకొండయ్య అంటే మాలకొండ. మస్తానయ్య అంటే కసుమూరు దర్గా. వెంగమ్మ అంటే నర్రవాడ. బిడ్డలు నిలవని ఇంట్లో అయితే తిరిపాలు అని పెడతారు, అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అన్నమాట. పెంటయ్య అని కూడా పెడతారు, చెత్తకుప్ప మీద పడేసినట్టు చూపిస్తే మృత్యువు కన్ను పడదని. ఆ పేర్ల వెనక ఎంత భయం, ఎంత ప్రేమ ఉంటాయో ఆ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది.

మా వాళ్ళు క్రైస్తవులైంది తాతయ్య తాతల కాలంలో. 1876 నుంచి రెండేళ్ళు సాగిన కరువు తరవాత, 1878 జులై 3న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ నీళ్ళల్లో మా వాళ్ళూ ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటాం. ఆ తొలితరం పెద్ద యర్రగుంట్ల పేరయ్య చివరిదాకా పేరయ్యే. మా ఇంట్లోనూ అంతే, పాతపేర్లతోనే ఆ తరం గడిచింది. తాతయ్య పేరు కూడా మామూలు తెలుగు పేరే. మా ఇంట బైబిలు పేరు పెట్టుకున్న మొదటి మనిషి నాన్న. సమాధి దగ్గర మట్టి ఆరకముందే దొరికింది ఆ పేరు.

రిజిస్టరులో బెన్యామీను అని ఎక్కింది. ఊరు మాత్రం ఇంకో పేరు పెట్టింది. తల్లిని పొట్టన పెట్టుకున్నవాడు.

తెలుగులో బెనోని అంటే అదే. ఇంతకంటే దగ్గరి అనువాదం నాకు తోచలేదు. తల్లి పెట్టిన పేరైతే అందులో కనీసం "నా" అనే ప్రేమ ఉంటుంది. ఊరు పెట్టినదాంట్లో అదీ లేదు. నాన్న చిన్నప్పుడు గొడ్ల దగ్గర పిల్లలు ఏదైనా పేచీ వస్తే ఆ మాటే అనేవాళ్ళట. పెళ్ళిళ్ళకు వెళితే ఆడవాళ్ళు జాలిపడుతూ ఆ మాటే అనేవాళ్ళట. తిట్టడానికీ అదే, జాలికీ అదే. అత్త చెప్పింది: ఒకసారి చుట్టమొకావిడ మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆ మాటంది. తాతయ్య లోపల్నుంచి వచ్చి, "వాడి పేరు బెన్యామీను. ఈ గడపలో వాడికి ఇంకో పేరు లేదు" అన్నాడట. ఆయన గట్టిగా మాట్లాడగా తాను విన్నది ఆ ఒక్కసారేనంటుంది అత్త.

తాతయ్యకు ఓనీ తెలియదు, యామీన్ తెలియదు, రంబాన్ ఎవరో తెలియదు. కానీ యాకోబు ఎందుకు పేరు మార్చాడో ఆయనకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. చేతిలో మూడురోజుల బిడ్డతో భార్య సమాధి దగ్గర నిలబడ్డవాడికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

నాన్నది ఎడమచేతి వాటం. కుడిచేతి కొడుకు అనే పేరుకు ఎడమచేతి మనిషి! అన్నం ఎడంచేత్తో తింటుంటే చూసినవాళ్ళు ఏమంటారోనని అత్త ఆయన ఎడంచేతిని పాత చీరపేలికతో నడుముకు కట్టేసి అన్నం పెట్టేదట, మూడు నాలుగేళ్ళ వయసులో. అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకున్నారు. మిగతా పనులన్నీ ఎడంచేత్తోనే. పొగాకు బ్యారన్ దగ్గర కర్రకు ఆకు కట్టేటప్పుడు అందరూ ఒకవైపు నిలబడితే ఈయన ఎదురువైపు నిలబడేవారు, లేకపోతే మోచేతులు తగులుతాయి. న్యాయాధిపతుల గ్రంథం చదువుతుంటే మాకు దొరికింది: బెన్యామీను గోత్రమే ఎడమచేతివాళ్ళకు పేరుమోసిందట. ఆ గోత్రంవాడైన ఏహూదు ఎడమచేతివాటం వాడు. హీబ్రూలో అతన్ని కుడిచేయి కట్టుబడినవాడు అని రాశారు. వెంట్రుక గురిపెట్టి వడిసెల విసిరితే గురి తప్పని ఏడువందల మంది ఎడమచేతివాళ్ళు ఆ గోత్రంలో ఉన్నారని 20వ అధ్యాయంలో ఉంది. ఈ సంగతి నాన్నకు చదివి వినిపించాను, ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు. "ఏడువందల మందా?" అన్నారు. మళ్ళీ చదవమన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆదికాండంలో బెన్యామీను కూడా ఒక్క మాట మాట్లాడడు. మొత్తం వెతికాను. అందరూ అతని గురించి మాట్లాడతారు. తండ్రి ఐగుప్తుకు పంపనంటాడు, అన్న యూదా పూచీపడతాడు, సొంత అన్న యోసేపు చూసి లోపలికి వెళ్ళి ఏడుస్తాడు, అతని సంచిలో గిన్నె దొరికితే అన్నలందరూ బట్టలు చింపుకుంటారు. అతను మాత్రం నోరు తెరవడు. ఇంతమంది తన గురించే బెంగపడుతుంటే ఏం మాట్లాడతాడులే అనిపిస్తుంది నాకు. తను పుట్టడం వల్ల ఏం పోయిందో తెలిసిన పిల్లవాడు కదా.

నాన్న పుట్టినరోజు చేసుకోలేదు ఎప్పుడూ. మా పిల్లలు కేకు తెస్తే, "ఆ రోజు మా అమ్మది" అనేవారు. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి మాలపల్లె దిబ్బకు వెళ్ళివచ్చేవారు. నాయనమ్మ సమాధికి రాయి లేదు. యాకోబు రాహేలు సమాధి మీద ఒక స్తంభం నిలబెట్టాడని అక్కడే ఉంది. తాతయ్యకు ఆ శక్తి లేదు, ఒక వేపమొక్క నాటాడు. ఆ వేపచెట్టు పదేళ్ళ కిందట రోడ్డు వేసేటప్పుడు పోయింది. మొన్న అత్తను ఆటోలో తీసుకెళ్ళాను. చాలాసేపు నిలబడి చూసింది. "యాడో ఈడేనే" అంది. అంతకంటే చెప్పలేకపోయింది.

నాన్నకు మాత్రం రాయి చేయిస్తున్నాం. చీమకుర్తి నుంచి నల్లరాయి తెచ్చి ఒంగోల్లో చెక్కించడం. పోయిన శనివారం చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళాను. పేరు బెన్యామీను అని రాసిచ్చాను. చివర "ను" పెద్దగా రావాలని చెప్పాను, ఆధార్‌లో పోయిన అక్షరం అది. పుట్టిన తేదీ, పోయిన తేదీ ఇచ్చాను. ఆయన ఖాళీగా ఉన్న వరస మీద వేలు పెట్టి, "కుమారుడు అని వేసి ముందు తండ్రిగారి పేరు వెయ్యాలి గదమ్మా, చెప్పండి" అన్నాడు.

తాతయ్య రెండోది పెట్టమన్నాడు. డెబ్బై ఐదేళ్ళు దాన్ని కాపాడాం. ఊరి పేరు ఇంట్లోకి రానివ్వలేదు. అది సరైన పనే, ఇంకో వందసార్లు అడిగినా నేను అదే అంటాను. అయితే బెనోనిలో చివరున్న ఆ "నా" బెన్యామీనులో లేదు. రాహేలు సమాధి బెన్యామీను పొలిమేరలో ఉందని మొదటి సమూయేలు 10వ అధ్యాయంలో ఉంది. కొడుకు నేలలో తల్లికి చోటు దొరికింది. మా నాయనమ్మకు వేపచెట్టు కూడా లేదు.

"అమ్మ పేరు వేస్తానండీ" అన్నాను.

"అమ్మ పేరా? ఎవరూ వెయ్యరమ్మా అట్ట."

"ఫలానా ఆమె కుమారుడు అని వెయ్యండి."

ఆయన కాగితం, పెన్సిలు నా చేతికిచ్చాడు. నాకు నాయనమ్మను "నాయనమ్మ" అనడమే అలవాటు. అసలు పేరు ఏ కాగితంలోనూ లేదు, రిజిస్టరులో కూడా లేదు. అక్కడే నిలబడి అత్తకు ఫోన్ చేశాను. ఆమెకు సరిగా వినబడదు, రెండుసార్లు అరిచి అడిగాను. కాసేపు మాట రాలేదు అవతల్నుంచి. తరవాత చెప్పింది, మెల్లగా, అక్షరం అక్షరం. నేను రాసుకున్నాను. ఇక్కడ రాయను, ముందు అది రాతి మీదకు ఎక్కాలి.

"అయిదక్షరాలేగా, పడుతుంది" అన్నాడు చెక్కే ఆయన, వేళ్ళతో రాయి వెడల్పు కొలుస్తూ.